అంచూ కొంగూ ఒకే చీర

మా ముదిగుబ్బ నుంచి ధర్మవరం పోయి పట్టుచీర కొనుక్కొచ్చే ఆడవాళ్ళ చేతుల్ని చిన్నప్పటి నుంచీ గమనిస్తున్నాను. కొట్టాయన మడత పూర్తిగా విప్పకముందే వాళ్ళ వేళ్ళు అంచు మీదికి పోతాయి. జరీని తడిమి చూస్తారు. తర్వాత "కొంగు పరచన్నా" అంటారు. కొంగు పరిచాక ఏమీ మాట్లాడకుండా కాసేపు దాన్నీ అంచునూ మార్చి మార్చి చూస్తారు. అంచులో పాకే తీగ కొంగులో అలాగే ఉండదు. అక్కడ అది పెద్దదై, పూలు తొడిగి, నిండుగా పరచుకొని ఉంటుంది. ఒడలులో వేసిన చిన్న బుటా ఆ తీగ నుంచి రాలిన మొగ్గలా ఉంటుంది. మూడూ మూడు రకాలు. అయినా ఒకే చేతి పని అని చూసిన కన్ను ఒప్పుకుంటే బేరం మొదలవుతుంది. లేదంటే "ఇంకోటి తియ్యన్నా."

ఒక పరిశ్రమ తన రూపాన్ని కాగితం మీదికి ఎలా తెచ్చుకుంటుందో చెప్పాలని కూర్చుంటే నాకు ముందు ఆ చేతులే గుర్తొచ్చాయి. కంపెనీకి ఒక గుర్తు ఉంటుంది, ఒక రంగు ఉంటుంది, పేరు రాసుకునే తీరు ఒకటి ఉంటుంది. అవి ఫ్యాక్టరీ బోర్డు మీద పెట్టినంత సులభంగా కాగితం మీదికి రావు. ఉత్తరం, కవరు, విజిటింగ్ కార్డు, బిల్లు, రంగుల పుస్తకం, వస్తువు వాడే విధానం చెప్పే పుస్తకం, అట్టపెట్టె, ఇలా ఒక్కో కాగితానికి ఒక్కో పని, ఒక్కో కొలత, ఒక్కో సిరా. వీటన్నిటి మీదా గుర్తును ముద్రేసినట్టు కొట్టుకుంటూ పోవచ్చు. అది అంచు ముక్కనే తెచ్చి కొంగంతా అతికించినట్టుంటుంది. మంచి పనివాడు తీగను ఒక్కోచోట ఒక్కోలా పెంచుతాడు. ఈ వ్యాసం ఆ పనితనం గురించి.

రాయి నుంచి పట్టుకు

ఒక రూపాన్ని ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థానికి మోసుకుపోవడం మా సీమకు కొత్త కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో లతా మంటపం ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. మంటపం స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు రకరకాల అల్లికలుగా చెక్కి ఉంటాయి. చీరల అంచులకు ఆ స్తంభాలే నమూనా అని మా వైపు అందరూ చెప్పుకుంటారు.

రాతిలో తీగ గుండ్రంగా తిరుగుతుంది. ఉలికి అడ్డేమీ లేదు. అదే తీగ మగ్గం మీదికి రావాలంటే ముందు గ్రాఫు కాగితం మీదికి రావాలి. అక్కడ వంపు అంటూ ఉండదు. ఉన్నవన్నీ గళ్ళే, ఒక్కో గడీ పడుగూ పేకా కలిసే ఒక్కో చోటు. గడి నింపితే దారం పైకి లేస్తుంది, వదిలేస్తే కిందే ఉంటుంది. ఆ గ్రాఫును చూసి అట్టలకు చిల్లులు కొడతారు. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ ఆయన పేరుతోనే ధర్మవరం మగ్గాల నెత్తిన కూర్చొని ఉంది. తీగ వంపు గ్రాఫులో మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఏ మెట్టు ఎక్కడ పడితే కంటికి మళ్ళీ వంపులా కనిపిస్తుందో తెలిసినవాడే గ్రాఫు గీయగలడు. రాతి తీగలో దేన్ని నిలుపుకోవాలో, దేన్ని వదిలేయాలో అతనికి తెలుసు. ఆకు ఈనెలు వదిలేస్తాడు, తీగ నడకను మాత్రం వదలడు.

పరిశ్రమ గుర్తును కాగితం మీదికి తెచ్చేవాడి పని అచ్చంగా ఇదే. గుర్తులో ఏది నడక, ఏది ఈనె అని తేల్చుకోవాలి.

బెర్లిన్‌లో ఒక చిత్రకారుడు

ఈ పనిని ఒక పద్ధతిగా మొదట చేసి చూపించినవాడు పీటర్ బెహ్రెన్స్ అని చరిత్రకారులు చెబుతారు. జర్మనీలో ఏఈజీ అనే పెద్ద విద్యుత్ పరికరాల కంపెనీ ఉండేది. 1883లో ఎమిల్ రాథెనావ్ దాన్ని వేరే పేరుతో మొదలుపెట్టాడు, 1887లో అది ఏఈజీ అయింది. టర్బైన్ల నుంచి బల్బుల దాకా చేసేది. కరెంటు అప్పటికి జనానికి కొత్త. స్విచ్చు వేస్తే ఏమవుతుందోనన్న భయం ఇళ్ళలో ఉండేది. అలాంటి కాలంలో, 1907లో, కంపెనీ బెహ్రెన్స్‌ను కళా సలహాదారుగా పెట్టుకుంది. చిత్రకారుడిగా మొదలై భవనాలు, అక్షరాలు, వస్తువులు అన్నిటి మీదా చేయి తిప్పిన మనిషి ఆయన.

ఆయన ఏం చేశాడో కాస్త దగ్గరగా చూద్దాం. కంపెనీ పేరులోని మూడు అక్షరాలను మూడు తేనెపట్టు గదుల్లో పెట్టి, వాటిని ఒక పెద్ద ఆరు పలకల చట్రంలో కూర్చాడు. తేనెపట్టును ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. ఆరు పలకల గది ఎటు తిప్పినా ఇంకో గదికి ఆనుకుంటుంది. పక్కపక్కన పేరిస్తే అల్లిక అవుతుంది, ఒంటరిగా పెడితే ముద్ర అవుతుంది. అంటే అంచుకూ బుటాకూ పనికొచ్చే మూలాన్ని ఆయన ముందే దొరకబుచ్చుకున్నాడు. తర్వాత గుర్తుతో ఆగిపోకుండా అక్షరాల మీద పడ్డాడు. ఆ కాలపు జర్మనీలో అచ్చులో ఎక్కువగా ముళ్ళ కంచెలా కనిపించే పాత గోథిక్ లిపి వాడేవారు. బెహ్రెన్స్ పాత రోమన్ శాసనాల నిండుదనం ఉన్న కొత్త అక్షరాలు గీశాడు. క్లింగ్‌స్పోర్ ఫౌండ్రీ 1908లో వాటిని సీసపు అచ్చులుగా పోసింది. కంపెనీ ధరల పట్టికలు, సామాన్ల జాబితాలు, ప్రదర్శనల పోస్టర్లు ఒకే గొంతుతో పలకడం మొదలయ్యాయి.

ఆయన వేసిన దీపం పోస్టరును ఒకసారి చూస్తే మరిచిపోలేం. బల్బును మెరిసే బొమ్మగా గీయలేదు. నిటారు దీర్ఘచతురస్రం, దానిలో త్రికోణం, మధ్యలో బల్బు, దాని చుట్టూ చుక్కలు. వెలుగును చుక్కల లెక్కగా మార్చాడు. గళ్ళ కాగితం మీద మా నేతగాళ్ళు పూవును గళ్ళ లెక్కగా మార్చినట్టే. అదే కొలత భావంతో ఆయన కరెంటు కెటిల్స్ చేశాడు. కొన్ని ఆకారాలు, కొన్ని మూతలు, కొన్ని పిడులు, కొన్ని మెరుగులు, వాటినే మార్చి మార్చి కలిపితే ఎన్నో రకాలు. 1909లో అదే కంపెనీకి టర్బైన్ల కర్మాగారం కట్టాడు. దాని ముందు గోడ నెత్తిన తేనెపట్టు గుర్తు ఉంటుంది. ధరల పట్టిక మూలలో ఉన్న గుర్తూ, వంద మంది నిలబడి పనిచేసే కట్టడం నెత్తిన ఉన్న గుర్తూ ఒకటే, ఎక్కడిది అక్కడ సరిగ్గా అమరి. తర్వాత ప్రపంచ వాస్తుకళను మలుపు తిప్పిన వాల్టర్ గ్రోపియస్, మీస్ వాన్ డెర్ రోహె, లె కార్బూజియె ముగ్గురూ కుర్రతనంలో ఆయన ఆఫీసులో పనిచేశారంటే ఆ బల్ల దగ్గర ఏ చదువు దొరికేదో ఊహించుకోవచ్చు.

పెనుకొండ దారిలో

ఇప్పుడు మా ఊరి వైపు వద్దాం. బెంగళూరు హైవే మీద పెనుకొండ దగ్గర, ఎర్రమంచి పక్కన, కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్ 27న రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, మొదట్లో ఏటా 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడు డిసెంబరు 5న ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం జరిగింది. శెనక్కాయ చేను ఎండితే బెంగళూరుకు వలస పోయే నేల మీద ఒక కొరియా పేరు బోర్డుగా నిలబడింది. ఆ పేరు 1944లో సైకిల్ భాగాలు చేసే చిన్న కార్ఖానాగా మొదలైన సంస్థది.

మొదట వచ్చిన కార్ల ముక్కు మీద కోడిగుడ్డు ఆకారపు చట్రం ఉండేది. దాని లోపల మూడు ఇంగ్లీషు అక్షరాలు. 2021 జనవరి 6న కొరియాలోని ఇంచియాన్‌లో రాత్రి ఆకాశంలో 303 డ్రోన్లు బాణసంచా వెలిగిస్తూ కొత్త గుర్తును గీశాయి. చట్రం పోయింది. మూడు అక్షరాలూ చేయి ఎత్తకుండా చేసిన సంతకంలా కలిసిపోయాయి. ఆ ఏడు ఏప్రిల్ చివర్లో మన దేశంలోనూ కొత్త గుర్తు వచ్చింది. సౌష్ఠవం, లయ, పైకెదగడం అనే మూడు భావాలను అందులో పెట్టామని కంపెనీ చెప్పుకుంది.

ఆ గుర్తును నిదానంగా చూడండి. గీతలన్నిటికీ మందం దాదాపు ఒకటే. చివర్లు నున్నగా గుండ్రంగా కాకుండా వాలుగా తెగి ఉంటాయి. నడిమి అక్షరం పాదం దగ్గర నుంచి ఒక గీత ఏటవాలుగా పైకెక్కి మూడో అక్షరం అవుతుంది. ఆ మూడో అక్షరానికి ఉండాల్సిన అడ్డగీత లేదు. తమాషా ఏమంటే పాత కోడిగుడ్డు ఆకారపు గుర్తులోనూ ఆ అడ్డగీత లేదు. అంతా మార్చినా ఆ ఒక్క లోటును మాత్రం నిలుపుకున్నారు. గ్రాఫు గీసేవాడు ఈనెలు వదిలి నడక నిలుపుకున్నట్టు. పాత గుర్తు తెలిసిన కంటికి కొత్తది పరాయిది కాకపోవడానికి ఆ చిన్న వారసత్వమూ ఒక కారణం అనుకుంటాను.

ఇక్కడ ఒక ఇబ్బందిని దాచకుండా చెప్పుకోవాలి. అక్షరాలు అలా కలిసిపోవడంతో చాలామందికి అది తిరగేసిన "ఎన్"లా కనిపించింది. "కేఎన్ కారు" అని ఇంటర్నెట్‌లో వెతికినవాళ్ళు ఎందరో. గుర్తు అందంగా ఉంటే చాలదు, చదవడానికీ రావాలి కదా అని కొందరన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ నాకు అక్కడే కాగితం విలువ తెలిసొచ్చింది. హైవే మీద గుర్తు ఒంటరిగా నిలబడుతుంది. కారు ముక్కు మీదా ఒంటరిదే. కాగితం మీద మాత్రం దాని పక్కన మాట ఉంటుంది. ఉత్తరం కింద కంపెనీ పూర్తి పేరు మామూలు అక్షరాల్లో ఉంటుంది, కార్డు మీద మనిషి పేరు, చిరునామా ఉంటాయి. గుర్తునూ పేరునూ పక్కపక్కన పదిసార్లు చూసిన కన్ను పదకొండోసారి గుర్తును ఒంటరిగా చూసినా పేరు చదివేస్తుంది. కొత్త గుర్తుకు ఓనమాలు నేర్పే బడి అచ్చు కాగితమే.

కాగితాల కుటుంబం

ఇక అచ్చు పనిలోకి దిగుదాం. ఇక్కడి నుంచి చెప్పేది మంచి ప్రెస్సుల్లో, ఏ కంపెనీ పనికైనా, జరిగే సంగతి.

ముందు ఉత్తరం కాగితం. మనం ఏ4 అని పిలిచే కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. దీని పొడవు వెడల్పుల నిష్పత్తిలో ఒక చక్కని గుణం ఉంది. సగానికి మడిస్తే వచ్చే ముక్కకూ అదే నిష్పత్తి, దాన్ని మళ్ళీ సగం చేసినా అంతే. 1786లోనే లిక్టెన్‌బర్గ్ అనే జర్మన్ పండితుడు ఒక ఉత్తరంలో ఈ సంగతి రాశాడు. 1922లో జర్మనీ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. ఈ గుణం వల్ల పెద్ద కాగితం మీద కూర్చిన అమరిక చిన్నదాని మీదికి వంకర పోకుండా దిగుతుంది. కొంగు కోసం వేసిన తీగ బుటాకు సరిపోవడం లాంటి సౌఖ్యం అది.

ఆ ఉత్తరాన్ని మూడు మడతలు పెడితే ఒక్కో మడత 99 మిల్లీమీటర్లు. 110 ఎత్తు, 220 పొడవు ఉన్న కవరులో హాయిగా ఇముడుతుంది. తెలిసిన పనివాడు గుర్తును మొదటి మడతలోనే, మడత గీతకు దూరంగా పెడతాడు. గుర్తు నడిమీదుగా మడత పడితే సిరా చిట్లుతుంది, నాలుగు రోజుల్లో తెల్లగీత తేలుతుంది. ఇంకో సూక్ష్మం. లెటర్ హెడ్ ఆఫ్‌సెట్‌లో అచ్చవుతుంది, దాని మీద ఉత్తరం మాత్రం ఆఫీసులో లేజర్ ప్రింటరు కొడుతుంది. ఆ ప్రింటరు లోపల కాగితం వేడి రోలరు మీదుగా పోవాలి. సిరా వేడికి ఆగేది కాకపోతే కంపెనీ గుర్తు కరిగి ఉత్తరమంతా పూసుకుంటుంది. అందుకే మంచి ప్రెస్సాయన ఆర్డరు తీసుకునేటప్పుడు ముందు అడిగే మాట: "దీని మీద ఏ మిషన్‌తో కొడతారు సార్?" ఆ ఒక్క ప్రశ్నలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉంటుంది.

తర్వాత విజిటింగ్ కార్డు. మూడున్నర అంగుళాలు, రెండు అంగుళాలు. ఫ్యాక్టరీ నెత్తిన కొన్ని మీటర్లున్న గుర్తు ఇక్కడ సెంటీమీటరో రెండో. బోర్డు గుర్తును యథాతథంగా కుదిస్తే సందులు పూడుకుపోతాయి. సిరా కాగితం మీద పడ్డాక కొద్దిగా పాకుతుంది, పీల్చుకునే కాగితమైతే ఇంకా ఎక్కువ. నల్లని నేల మీద తెల్లగా వదిలిన గుర్తయితే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి తెల్లగీతల్ని సన్నం చేస్తుంది. అందుకని చిన్న కొలతకు గుర్తును విడిగా, సందులు కాస్త విప్పి, గీతలు కాస్త సర్ది గీస్తారు. చూసేవాడికి అది పెద్ద గుర్తే అనిపించాలంటే అది పెద్ద గుర్తుకు అచ్చు నకలై ఉండకూడదు. ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సత్యం ఇదే.

బిల్లు సంగతి ఇంకా కఠినం. కొట్లలో వాడే థర్మల్ మిషన్లు ఎక్కువగా మిల్లీమీటరుకు 8 చుక్కలు మాత్రమే వేయగలవు. రంగు లేదు, బూడిద ఛాయ లేదు. చుక్క ఉంటుంది లేదా ఉండదు. ఏటవాలు గీత అక్కడ మెట్లు మెట్లుగా విరుగుతుంది. ధర్మవరం గ్రాఫు కాగితమే మళ్ళీ ఎదురైంది చూడండి! ఒకే మందం గీతలతో, రంగు మీద ఆధారపడకుండా కట్టిన గుర్తుకు ఇక్కడ బతుకు ఉంటుంది. వెలుగునీడలు, మెరుపులు, మూడు రంగుల కలయికలు పెట్టిన గుర్తు ఇక్కడ నల్లటి మరక అవుతుంది. కంపెనీలు ఈ మధ్య ఉబ్బెత్తు మెరుపులు తీసేసి సాదా గీతలకు వస్తున్నాయంటే ఫోను తెరలే కాదు, ఈ బిల్లు ముక్కలూ ఒక కారణం కావచ్చు.

రంగుల పుస్తకం కొంగు లాంటిది. పనితనం పరచి చూపించే చోటు. నున్నటి ఆర్ట్ పేపర్ సిరాను పైనే నిలుపుతుంది కాబట్టి రంగు నిగనిగలాడుతుంది. అదే సిరా ఉత్తరం రాసే మ్యాప్‌లితో కాగితం మీద లోపలికి ఇంకి మందగిస్తుంది. ఒకే అద్దకం రంగు పట్టుమీద ఒకలా, నూలుమీద ఒకలా పలుకుతుందని రంగు వేసేవాళ్ళకు తెలిసిన విషయమే. కంపెనీ రంగు రెండు చోట్లా ఒకటిగా కనిపించాలంటే రెండు చోట్లా రెండు పాళ్ళలో కలపాలి. 1963లో పాంటోన్ అనే అమెరికా సంస్థ అంకెలతో రంగుల పట్టికను తెచ్చాక పెనుకొండలో అడిగిన రంగు శివకాశిలో దొరకడం సులువైంది. అయినా పట్టిక చేతిలో ఉన్నంత మాత్రాన కన్ను వచ్చేయదు. నలుపు విషయమే తీసుకోండి. పేజీ నిండా ఒట్టి నల్లసిరా పరిస్తే వెలిసిన బూడిదలా ఉంటుంది. కింద కాస్త నీలం పాలు వేస్తే లోతు వస్తుంది. అదే ఉపాయం చిన్న అక్షరాలకు వాడితే చెడుతుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన నీలి నీడ తేలి కళ్ళు నొప్పి పుడతాయి. పెద్ద నలుపుకు ఒక నియమం, చిన్న నలుపుకు ఇంకో నియమం.

అట్టపెట్టె మీద ఇవేవీ చెల్లవు. గరుకు గోధుమరంగు అట్ట, లోపల ముడతల పొర, రబ్బరు ప్లేటుతో అచ్చు. అక్కడ ఒకే రంగు, లావు గీత, పెద్ద ఖాళీ. ఇక వాడుక పుస్తకానికి వస్తే, కొన్ని వందల పేజీల్లో గుర్తు కనిపించేది అట్ట మీద మాత్రమే కావచ్చు. లోపల కంపెనీ వ్యక్తిత్వం అంతా క్రమంలో ఉంటుంది. ఏ శీర్షిక ఎంత లావు, హెచ్చరిక ఎక్కడ, బొమ్మ పక్కన అంకె ఎలా, పేజీ మూల మీద విభాగం పేరు ఎలా. అర్ధరాత్రి బత్తలపల్లి దాటాక టైరు పంచరై, ఫోను వెలుగులో ఆ పుస్తకం తిప్పేవాడికి తనక్కావలసిన పేజీ దొరికితే ఆ కంపెనీ మీద కలిగే నమ్మకం ఏ హోర్డింగూ తేలేదు.

వీటన్నిటికీ ఉమ్మడి సరుకు ఖాళీ. గుర్తు చుట్టూ ఇంత చోటు ఎవరూ తాకకూడదని కొలిచి పెట్టుకుంటారు. డబ్బులిచ్చి కొన్న కాగితంలో సగం వదిలేయడం మనకు మనసొప్పదు. కానీ ధర్మవరం చీరలో ఒడలు సాదాగా ఉండబట్టే వెడల్పాటి జరీ అంచుకు ఆ రాజసం. ఖాళీ కూడా నేతలో భాగమే.

ఇదంతా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాగితం మీద గుర్తును బొటనవేలితో మూసేయండి. మిగిలిన కాగితాన్ని బట్టి ఇది ఫలానా వాళ్ళదని చెప్పగలిగితే పని పండినట్టే.

తెలుగు అక్షరం దగ్గర

అన్నిటికన్నా కష్టమైన ఘట్టం మన లిపి. ఆంధ్రలో కారు చేసే కంపెనీ, తెలుగువాళ్ళకు కారు అమ్మే కంపెనీ, ఏదో ఒక రోజు తెలుగులో మాట్లాడాలి. కరపత్రం వేయాలి, పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఇంగ్లీషు గుర్తు గీతలన్నీ వాలు, కోణం. మన అక్షరం తాటాకు మీద గంటంతో పుట్టిన గుండ్రన. పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదు. ఇంగ్లీషులో పేరంతా పెద్దక్షరాల్లో పెట్టి గంభీరంగా నిలబెట్టవచ్చు. మనకు ఆ దారి లేదు. పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు. "శక్తి" అన్న చిన్న మాట కూడా మూడు అంతస్తులు ఎక్కి దిగుతుంది. ఇంగ్లీషు వరుసల మధ్య దూరమే తెలుగుకూ ఇస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. అందుకే రెండు భాషల కాగితంలో తెలుగుకు వరుస ఎడం ఎక్కువ, పేరా నిడివి తక్కువ, అక్షరం కొలత వేరు పెట్టుకోవాలి.

"కియా" అన్న మాటను ఆ గుర్తుకు జోడీగా తెలుగులో గీయాలంటే? వాలు గీతల్ని అనుకరించి మన గుండ్రనను విరిచేస్తే అది తెలుగూ కాదు, గుర్తూ కాదు. మళ్ళీ గ్రాఫు గీసేవాడినే అడగాలి. నడక ఏది, ఈనె ఏది? ఆ గుర్తు నడక దాని కోణంలో లేదు. ఒకే మందంలో, తెగిన చివరల్లో, ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి ఆగకుండా పోవడంలో ఉంది. ఆ మూడూ తెలుగులోకి తేవచ్చు. ఒకే మందం వంపులు, వాలుగా తెగిన తలకట్టు, "కి" గుడి నుంచి "యా" మీదికి చూపు ఆగకుండా జారే ఎడం. పాత రోజుల్లో గోడల మీద అక్షరాలు రాసిన పెయింటర్లు ఏ పుస్తకమూ చదవకుండానే ఈ లెక్క చేసేవాళ్ళు. ఇంగ్లీషు గుర్తును చూసి దాని గాలిని తెలుగులోకి పట్టేవాళ్ళు.

ఇలాంటి పనికి మన దగ్గర వెనకటి దన్ను లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. పాట కచేరీల్లో ఉచితంగా పంచి దాన్ని జనానికి అలవాటు చేశారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. తలనొప్పి మందు చేసే పరిశ్రమ తెలుగువాళ్ళ ఇళ్ళకు పసుపుపచ్చని సీసాగానూ వచ్చింది, అచ్చు కాగితంగానూ వచ్చింది. ఒక పారిశ్రామికవేత్తకు కాగితం మీద అంత గౌరవం ఉండటం మన జాతికి దక్కిన అదృష్టం. తర్వాతి తరంలో బాపు గారు మద్రాసు ప్రకటనల కంపెనీల్లోనూ పనిచేసిన మనిషి. తెలుగు అక్షరానికి అంత వయ్యారమూ, అంత సూటిదనమూ ఒకే గీతలో ఉంటాయని ఆయన చేతిరాత చూపించింది. ఆ అక్షరాలు తర్వాత కంప్యూటరు ఖతులై పెళ్ళి పత్రికల దాకా వచ్చాయి. ఈ కాలంలో మండలి, రామభద్ర, ధూర్జటి లాంటి తెలుగు ఖతులు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. సరుకు లేదనే సాకు ఇక చెల్లదు.

మన ఊళ్ళ పని

హిందూపురం పక్కన తూముకుంటలో, గొల్లాపురంలో చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు ఉన్నాయి. ధర్మవరం నిండా మగ్గాలు, చీరల వ్యాపారులు. మా ముదిగుబ్బలో శెనక్కాయ వ్యాపారం. ఇంత మందికీ కాగితం అవసరమే. మా వైపు ఒక వ్యాపారి సంచుల మీద తన పిల్లల ముఖాలు, ఇద్దరు దేవుళ్ళు, ఒక సూర్యుడు, ఐదు రంగులు వేయించాడు. గోనె నేత మీద అవన్నీ కలిసిపోయి, చివరికి జనం ఆ సంచిని "ఎర్ర మచ్చ సంచి" అని పిలవడం మొదలుపెట్టారు. నేను దాన్ని నవ్వులాటగా చెప్పడం లేదు. ఆ జనం మాటలో పాఠం ఉంది. గోనె మీద నిలిచేది ఒక్క రంగు, ఒక్క ఆకారం. జనం ఆ రెండింటినీ తామే ఏరుకొని పేరు పెట్టారు. ముందే ఆ ఎర్ర మచ్చనే గుర్తుగా పెట్టుకొని ఉంటే సంచి, బిల్ బుక్కు, కార్డు, లారీ చీటీ అన్నిటి మీదా అది తిరిగేది. ఖర్చు కూడా తగ్గేది.

పెద్ద కంపెనీకి రూల్ పుస్తకం ఉంటుంది, పెద్ద నగరపు డిజైనర్లు ఉంటారు. చిన్నవాళ్ళకు ఊళ్ళో ప్రెస్సాయనే దిక్కు. నంబరింగు మిషను సరిగ్గా పడిందా, మూడు కాపీలకూ రంగు వేరువేరుగా ఉందా, చింపే చోట చిల్లులు తిన్నగా ఉన్నాయా, మార్జిన్ నాలుగు వైపులా సమంగా ఉందా అని చూసే ఆ కళ్ళు ఏ బెర్లిన్ కళ్ళకూ తీసిపోవు. ఆయనకు లేనిది ఒకటే. ఇవన్నీ ఒక చీరగా చూసే అవకాశం. కార్డు ఈ ఏడాది ఒకరి దగ్గర, బిల్లు వచ్చే ఏడాది ఇంకొకరి దగ్గర, ఫ్లెక్సు పండగ ముందు రాత్రి మూడో చోట కొట్టిస్తాం. అంచు ఒక మగ్గం మీద, కొంగు ఇంకో మగ్గం మీద నేయించి కుట్టించినట్టు. కనీసం ఒక్క పేజీ రాసి పెట్టుకుంటే చాలు. గుర్తు ఇది, రంగు ఇది, అక్షరం ఇది, చుట్టూ ఖాళీ ఇంత. ఆ పేజీ పట్టుకొని ఏ ప్రెస్సుకు పోయినా చీర చెదరదు.

మా అవ్వ పాత పెట్టెలో ఒక పట్టు అంచు ఉండేది. చీర ఎప్పుడో చిరిగిపోయింది. ఒడలు లేదు, కొంగు లేదు. జరీ అంచును మాత్రం కోసి దాచింది, మనవరాలి పావడాకు కుట్టించడానికి. పావడా కుట్టిన రోజు పక్కింటి పెద్దమ్మ దాన్ని చూడగానే చేత్తో తడిమి "ఇది మీ అవ్వ పెళ్ళిచీర కదూ!" అంది. నలభై ఏళ్ళ తర్వాత, చీరే లేని చోట, మూడు వేళ్ళ వెడల్పు ముక్కలో ఆమెకు చీర మొత్తం కనిపించింది. ఏదో ఒక పాత బీరువాలో, గుర్తున్న మూల చిరిగిపోయిన ఒక బిల్లు కాగితం దొరికినప్పుడు, మిగిలిన గీతనూ ఖాళీనీ అక్షరాన్నీ చూసి "ఇది ఫలానా వాళ్ళది" అని ఎవరైనా అనగలిగితే, దాన్ని కూర్చిన చేతులకు అంతకన్నా పెద్ద మెప్పు నాకు తెలియదు.